అమీర్‌పేట పాఠాల్లో కనిపించని పొర



అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నడిచేవాళ్లకు ఆకాశం కంటే ముందు బోర్డులు కనిపిస్తాయి. పైథాన్, జావా, క్లౌడ్, టెస్టింగ్. వాటి మధ్య వీఎల్‌ఎస్‌ఐ అన్న బోర్డులు కూడా ఉంటాయి. అంటే చిప్ డిజైన్. ఖమ్మం నుంచి, కర్నూలు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్ గదుల్లో సర్దుకుని, వెరిలాగ్ అనే డిజైన్ భాష నేర్చుకుని, ఈ హైదరాబాద్‌లోనే ఉన్న ఏఎండీ, క్వాల్‌కామ్, మైక్రాన్ లాంటి కంపెనీల కేంద్రాల్లో చేరాలని ఆశపడతారు. చేరినవాళ్లూ చాలామందే ఉన్నారు. ప్రపంచంలో తయారయ్యే చిప్‌ల రూపకల్పనలో తెలుగువాళ్ల చెయ్యి కనిపిస్తోందంటే అందులో ఈ ఇరుకు మెట్ల శిక్షణ కేంద్రాల వంతు ఉంది. నాకు వాటి మీద గౌరవం ఉంది.

కాని ఆ తరగతుల్లో సిలికాన్ ముక్క ఒక్కటి కూడా కనిపించదు. అక్కడ చిప్ అంటే తెర మీద వరుసలు, గీతలు. చివరికి అది ఒక ఫైలై తైవాన్‌లోనో మరెక్కడో ఉన్న కర్మాగారానికి వెళ్తుంది. ఆ కర్మాగారంలో ఆ గీతలు నిజమైన పదార్థం మీదికి ఎక్కాలంటే ముందు జరగవలసిన పని కెమిస్ట్రీ. సిలికాన్ పైముఖాన్ని కడగాలి, చెక్కాలి, పూత పూయాలి, దాని అలజడిని అణచాలి. ఈ ఆఖరి పనినే పాసివేషన్ అంటారు. బీఎస్సీలో, ఎమ్మెస్సీలో కెమిస్ట్రీ చదివి, ఆ చదువును పక్కన పెట్టేయడానికే అమీర్‌పేట వచ్చిన పిల్లలు ఎందరో నాకు తెలుసు. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ల కోసం. మీరు వదిలేయబోతున్న చదువు ఈ నగరానికి ఇప్పుడు అవసరం.

ముందు సిలికాన్ పైముఖానికి వచ్చిన కష్టమేమిటో చూద్దాం. సిలికాన్ పరమాణువుకు నాలుగు బంధాలు. స్ఫటికం లోపల ప్రతి పరమాణువూ నలుగురు పొరుగువాళ్లతో చేయి కలుపుకుని స్థిరంగా ఉంటుంది. స్ఫటికాన్ని పలకలుగా కోసినప్పుడు, అంటే వేఫర్లు తీసినప్పుడు, కోత దగ్గరున్న పరమాణువులకు అవతలివైపు ఎవరూ ఉండరు. చీర అంచు కోస్తే దారాలు వేలాడతాయి కదా, పికో కుట్టించకపోతే అక్కడి నుంచే గుడ్డ ఊడిపోతుంది. వేఫర్ పైముఖం అలాంటి కోసిన అంచు. తోడు లేని బంధాలు అక్కడ వేలాడుతుంటాయి. చదరపు సెంటీమీటరు మేరలో దాదాపు ఏడు కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి, వాటన్నిటికీ ఇదే గతి.

వేలాడే బంధం ఒక ఉచ్చు. అటుగా వచ్చిన ఎలక్ట్రాన్‌ను పట్టుకుంటుంది. ట్రాన్సిస్టర్‌లో అయితే మనం గేటు అనే తలుపు దగ్గర పెట్టిన వోల్టేజీ ఆ ఉచ్చుల్లో చిక్కిన ఆవేశాల దగ్గరే ఆగిపోతుంది, లోపలికి దాని మాట చేరదు. సౌర ఘటంలో అయితే వెలుగు పుట్టించిన ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసి వచ్చిన రంధ్రం, రెండూ ఆ ఉచ్చు దగ్గర కలిసి వేడిగా మారిపోతాయి. తీగలోకి రావలసిన కరెంటు పలకను వేడెక్కించి పోతుంది.

1950ల మధ్య దాకా ట్రాన్సిస్టర్లంటే జెర్మేనియమే. దాని ఆక్సైడ్ నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి కాపలా కాయలేదు. 1955లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ ఫ్రాష్, లింకన్ డెరిక్ అనే ఇద్దరు పనిచేస్తుండగా కొలిమిలో అనుకోకుండా నీటి ఆవిరి పుట్టి, సిలికాన్ వేఫర్ మీద గాజులాంటి పొర కట్టింది. అది సిలికాన్ డయాక్సైడ్. మన ఇసుకలో ఉండేదే. ఆ పొర గట్టిగా అతుక్కుంటుంది, నీళ్లకు కరగదు, కరెంటును పోనివ్వదు. అదే సంస్థలో మొహమ్మద్ అటల్లా అనే ఈజిప్టు సంతతి ఇంజినీరు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. బాగా శుభ్రం చేసిన సిలికాన్ మీద వేడితో ఆక్సైడ్ పెంచితే పైముఖం శాంతిస్తుందని తన సహచరులతో కలిసి 1959లో ప్రచురించాడు. ఆ వెంటనే డావోన్ కాంగ్‌తో కలిసి ఆ పొరనే వాడుకుని లోహం, ఆక్సైడ్, సెమీకండక్టర్ పొరల మాస్ ట్రాన్సిస్టర్ చేశాడు. ఈనాటి ప్రతి ఫోనులోనూ కోట్లాదిగా ఉన్నవి ఆ జాతివే. అదే ఏడాది ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో జాన్ హోర్నీ ఇంకో సంగతి చూపించాడు. తయారీ అయ్యాక ఆ ఆక్సైడ్‌ను కడిగి పారేయకుండా అలాగే వదిలేస్తే అదే కవచమవుతుందన్నాడు. చిప్ అనేది సాధ్యపడింది అక్కడి నుంచి.

ఎలక్ట్రాన్ల వేగం చూస్తే సిలికాన్ కంటే గాలియం ఆర్సెనైడ్ మెరుగు. మన హైదరాబాద్‌లోనే రక్షణ శాఖ కింద గేటెక్ అనే కేంద్రం గాలియం ఆర్సెనైడ్ చిప్‌లు తయారు చేస్తోంది, రాడార్లకు, ఉపగ్రహాలకు అవి కావాలి. అయినా ప్రపంచాన్ని ఆక్రమించింది సిలికాన్. తన పైముఖాన్ని తానే కప్పుకునే అలాంటి మంచి ఆక్సైడ్ గాలియం ఆర్సెనైడ్‌కు లేదు. యాభై అరవై ఏళ్ల సాంకేతిక చరిత్రను నడిపించింది ఈ పైపొర గుణమే అని నేననుకుంటాను.

ఆక్సైడ్ కట్టినంత మాత్రాన ఉచ్చులన్నీ మూసుకుపోవు. ఏడు కోట్ల కోట్లలో లక్ష కోట్ల దాకా మిగులుతాయి. అప్పుడు హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్‌లో నాలుగు వందల పైచిలుకు డిగ్రీల దగ్గర కాసేపు ఉంచుతారు. హైడ్రోజన్ చాలా చిన్న పరమాణువు, ఆక్సైడ్ గుండా దూరిపోయి మిగిలిన బంధాలకు తోడవుతుంది. లక్ష కోట్లు వెయ్యి కోట్లకు దిగుతాయి. అంటే డెబ్బై వేల పరమాణువులకు ఒక్క లోపం. ఇంత శుభ్రమైన సరిహద్దు రెండు పదార్థాల మధ్య మనిషి మరెక్కడైనా తయారు చేశాడా అని ఆలోచిస్తే నాకు సులభంగా జవాబు తోచదు.

ఆక్సైడ్ పెంచడానికి ముందు కడగడం అనే పని ఉంది. 1960ల మొదట్లో మాస్ ట్రాన్సిస్టర్లు నిలకడగా ఉండేవి కావు. ఇవాళ కొలిచిన విలువ రేపు ఉండేది కాదు. ఫెయిర్‌చైల్డ్‌లో బ్రూస్ డీల్, ఆండీ గ్రోవ్, ఎడ్ స్నో మొదలైనవాళ్లు వెతికి వెతికి దొంగను పట్టుకున్నారు. అది సోడియం. మన చెమటలో, వంటింటి ఉప్పులో ఉండేదే. ఆక్సైడ్ పొరలో సోడియం అయాన్లు వోల్టేజీ పెట్టినప్పుడల్లా అటూ ఇటూ జరుగుతుండేవి. వేఫర్‌ను ఒట్టి చేత్తో ముట్టుకోకూడదనే నియమం వెనక ఇంత శాస్త్రం ఉంది.

అదే కాలంలో ఆర్‌సీఏ కంపెనీ ప్రయోగశాలల్లో వెర్నర్ కెర్న్ ఒక కడిగే పద్ధతి తయారు చేశాడు. 1965 నుంచి అక్కడ వాడి, 1970లో డేవిడ్ పుయోటినెన్‌తో కలిసి ప్రచురించాడు. మొదటి స్నానం అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు, సుమారు 75 డిగ్రీల వేడిలో. సేంద్రియ మురికీ, ధూళి రేణువులూ పోతాయి. రెండోది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెరాక్సైడ్, నీళ్లు. సోడియం, ఇనుము లాంటి లోహాల జాడ పోతుంది. పెరాక్సైడ్ పైముఖాన్ని కాస్త కాస్త ఆక్సీకరిస్తుంటే, అమ్మోనియా ఆ ఆక్సైడ్‌ను కొద్ది కొద్దిగా తొలుస్తుంటుంది, ఆ ఊపులో రేణువు కాలు పట్టు తప్పి లేచిపోతుంది. ఇందులో వాడేవన్నీ డిగ్రీ కాలేజీ ల్యాబు అలమరాలో ఉండే సీసాలే. తేడా వాటి శుద్ధిలో ఉంది, నీటి శుద్ధిలో ఇంకా ఉంది. అరవై ఏళ్లు కావస్తున్నా ఆర్‌సీఏ క్లీన్ అన్న పేరుతో ఈ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది.

ఇక హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అందరూ హెచ్‌ఎఫ్ అంటారు. గాలి తగిలితే చాలు సిలికాన్ మీద ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్ కడుతుంది. దాన్ని తీయగలిగేది ఇదే. పలచని హెచ్‌ఎఫ్‌లో ముంచినప్పుడు ఆక్సైడ్ పోయి, పైముఖం మీది సిలికాన్ బంధాలకు హైడ్రోజన్ అతుక్కుంటుంది. ఇది కంటికి కనిపించే కెమిస్ట్రీ. ముంచకముందు వేఫర్ మీద నీళ్లు పరుచుకుంటాయి. ముంచి తీశాక నీళ్లు నిలవవు, చుక్కలై జారిపోయి వేఫర్ పొడిగా పైకి వస్తుంది. అనుభవమున్న ఆపరేటరు ఏ యంత్రమూ చూడకుండానే ఆక్సైడ్ పోయిందని చెప్పేస్తాడు. 1986లో ఎలి యాబ్లనోవిచ్ బృందం ఆమ్లంలో ఉన్న అలాంటి సిలికాన్ పైముఖం మీద ఎలక్ట్రాన్ల నష్టం అసాధారణంగా తక్కువని కొలిచి చూపించింది. అయితే ఈ హైడ్రోజన్ కవచం గాలిలో ఎక్కువసేపు నిలవదు. అందుకే కడిగిన వేఫర్ తర్వాతి యంత్రంలోకి ఎంతసేపట్లో చేరాలన్నది లెక్క కట్టి నడుపుతారు, దాన్ని క్యూ టైమ్ అంటారు.

ఇదంతా తైవాన్ సంగతి, మనకేమిటి అంటారా? 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తుక్కుగూడ దాటాక రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీ తలపెట్టింది. సెమ్‌ఇండియా అనే సంస్థ ఏఎండీ సాంకేతిక సహకారంతో అక్కడ చిప్‌ల కర్మాగారం పెడుతుందన్నారు. పత్రికలన్నీ రాశాయి. ఆ కర్మాగారం రాలేదు. ఆ నిరాశ ఈ నగరం ఇంజినీర్లలో చాలాకాలం ఉండిపోయింది. కాని ఆ నేల ఖాళీగా ఉండిపోలేదు. సౌర పరిశ్రమలు వచ్చాయి. 1995లో హైదరాబాద్‌లో మొదలైన ప్రీమియర్ ఎనర్జీస్ అదే చోట, మహేశ్వరం మండలంలోని ఈ-సిటీలో 2021లో సౌర ఘటాల కర్మాగారం తెరిచింది. అక్కడ చేసినవి మోనో పెర్క్ ఘటాలు. ఆ పెర్క్ అన్న పేరులో మొదటి అక్షరం పాసివేషన్‌దే. ఫ్యాబ్ సిటీకి చిప్ రాకపోయినా, చిప్‌ను సాధ్యం చేసిన ఆ పైముఖం కెమిస్ట్రీ వచ్చింది. ఈ సంగతిని మనం తగినంతగా గుర్తించలేదని నా బాధ.

సౌర ఘటం ఎలా తయారవుతుందో వరుసగా వినండి, ప్రతి మెట్టులోనూ కెమిస్ట్రీ ఎంతుందో మీకే తెలుస్తుంది. వేఫర్ మందం మిల్లీమీటరులో ఆరో వంతు, ఏడో వంతు ఉంటుంది. తీగతో కోసినప్పుడు పైన గాయాలవుతాయి. వేడి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వాటిని తొలుస్తారు. ఆ క్షారం సిలికాన్‌ను అన్ని దిక్కులా ఒకేలా తినదు. కొన్ని తలాలను త్వరగా తింటుంది, కొన్నిటి దగ్గర దాదాపు ఆగిపోతుంది. ఫలితంగా పలక నిండా కంటికి కనపడని పిరమిడ్లు లేస్తాయి, సిద్ధాంతం ప్రకారం వాటి వాలు 54.7 డిగ్రీలు. వెలుగు ఒక పిరమిడ్ మీద తగిలి తప్పించుకోబోతే పక్క పిరమిడ్ పట్టుకుంటుంది. క్షారంలోని పొటాషియం మిగిలిపోకూడదు కాబట్టి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడుగుతారు. ఆ తర్వాత కొలిమిలో ఫాస్ఫరస్ ఎక్కిస్తారు. అప్పుడు పైన కట్టిన ఫాస్ఫరస్ గాజును మళ్లీ హెచ్‌ఎఫ్ తీసేస్తుంది.

ఆపైన పూతలు. ముందు భాగాన సైలేన్, అమ్మోనియా వాయువుల నుంచి ప్లాస్మాలో సిలికాన్ నైట్రైడ్ పొర వేస్తారు. మందం 75 నానోమీటర్ల దరిదాపు. మెట్రో డిపోల పైకప్పుల మీదో, మీ కాలనీ మేడల మీదో సౌర పలకల్లో మీరు చూసే నీలం ఈ పొర రంగు. ఒట్టి సిలికాన్ బూడిద రంగులో ఉంటుంది. నైట్రైడ్ వెలుగును వెనక్కి పోనివ్వదు, పైగా తనలో దాచుకున్న హైడ్రోజన్‌ను తర్వాత కొలిమి వేడికి సిలికాన్‌కు అందిస్తుంది. అంటే చిప్‌లో హైడ్రోజన్ చేసిన ఉపకారమే ఇక్కడా చేస్తుంది.

వెనక భాగం చాలాకాలం నిర్లక్ష్యానికి గురైంది. మొత్తం అల్యూమినియం పూసేసేవారు, ఎలక్ట్రాన్లు అక్కడ పోగొట్టుకుపోయేవి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ బృందం వెనక్కి కూడా కవచం వేసి, చిన్న చిన్న చోట్ల మాత్రమే లోహం తగలనిచ్చింది. 1989లో ప్రచురించిన ఆ ఘటం 22.8 శాతం సామర్థ్యం చూపింది. అది కర్మాగారాలకు చేరడానికి పాతికేళ్లు పట్టింది. ఆలస్యానికి ఒక కారణం వెనక వేసే పొర. పీ రకం సిలికాన్‌కు నైట్రైడ్ సరిపడదు, దాని ధనావేశం అక్కడ హాని చేస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్‌లో రుణావేశం ఉంటుంది. అది ఎలక్ట్రాన్లను దగ్గరికే రానివ్వకుండా తోసేస్తుంది. పది నానోమీటర్లున్నా చాలు. ఒకవైపు బంధాలకు తోడు, మరోవైపు ఆవేశంతో కాపలా, ఈ రెండూ కలిసిన పొర అది. ఇప్పుడు పరిశ్రమ టాప్‌కాన్ అనే ఘటం వైపు మళ్లింది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2013లో చూపిన పద్ధతి. లోహం సిలికాన్ పలకను అసలు తాకనే తాకదు. మధ్యలో ఒకటిన్నర నానోమీటర్ల ఆక్సైడ్, దాని మీద సిలికాన్ పొర. ఎలక్ట్రాన్ క్వాంటం నియమాల పుణ్యమా అని ఆ ఆక్సైడ్‌ను దాటిపోతుంది. అటల్లా పొర దశాబ్దాల తర్వాత సౌర ఘటంలో మళ్లీ కేంద్రానికి వచ్చింది.

ఈ పైముఖం కెమిస్ట్రీ ఆసుపత్రుల్లోనూ ఉంది. అమీర్‌పేట పక్కనే పంజాగుట్ట. నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల ఐసీయూల్లో రోగి ధమని నుంచి నేరుగా రక్తపోటు కొలిచే చిన్న పరికరం ఉంటుంది. అందులో ఉండేది క్షారంతో పలచగా తొలిచిన సిలికాన్ పొర, ఒత్తిడికి అది వంగితే విద్యుత్ నిరోధం మారుతుంది. తడి తగలకుండా దాని మీద కూడా పూతలే కాపాడతాయి. ఇంకో అడుగు ముందుకేసినవాళ్లూ ఉన్నారు. కొల్లాపూర్‌లో పుట్టి కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో ఇంజినీరింగ్ చదివిన ప్రొఫెసర్ వి. రాంగోపాల్ రావు ఐఐటీ బొంబాయిలో ట్రాన్సిస్టర్ల సన్నని పొరల మీద పనిచేశారు. 2005లో భట్నాగర్ బహుమతి, 2013లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. సూక్ష్మమైన ఊచల పైముఖానికి ఎంచుకున్న అణువులను అతికించి, పేలుడు పదార్థాల ఆవిరిని పసిగట్టే పరికరాలనూ ఆయన బృందం రూపొందించింది. పైముఖాన్ని శాంతపరచడం తెలిసినవాళ్లకు, కావలసినదానికి మాత్రమే స్పందించేలా మలచడం కూడా వస్తుంది.

అమీర్‌పేటకు కెమిస్ట్రీ పరాయిదేమీ కాదని కూడా గుర్తు చేయాలి. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ రిజిస్టర్డ్ ఆఫీసు ఏళ్ల తరబడి అమీర్‌పేటలోనే ఉండేది. మందుల పరిశ్రమ వల్ల ఈ నగరంలో శుద్ధమైన నీళ్లు తయారు చేయగలవాళ్లు, క్లీన్‌రూమ్ పద్ధతి తెలిసినవాళ్లు, పదిలక్షల్లో ఒక వంతు మలినాన్ని కొలవగలవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. సిలికాన్ పనికి కావలసిన చేతులు ఇవే. మైత్రీవనంలో వెరిలాగ్‌కు తరగతి నడిచినట్టే, వేఫర్ శుద్ధి, పూతల కొలతలు, వాయువుల భద్రత నేర్పే తరగతి కూడా నడవాలి. దానికి విద్యార్థులు దొరకరని ఎవరైనా అంటే నేను నమ్మను.

అయితే ఈ పరిశ్రమను కోరుకునేవాళ్లం దాని మురుగు నీటి గురించి కూడా మాట్లాడాలి. హెచ్‌ఎఫ్ వాడిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఫ్లోరైడ్ అంటే ఏమిటో తెలంగాణకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన ఎముకలు చెప్పాయి. మహేశ్వరం ప్రాంతంలో కూడా గ్రానైట్ రాతి నేల వల్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సహజంగానే ఉంది, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఫ్రెంచివాళ్లతో కలిసి ఆ నీళ్లను ఏళ్ల తరబడి పరిశీలించారు. అలాంటి నేల మీద నడిచే ఏ కర్మాగారమైనా ఒక్క బొట్టు బయటికి పోనివ్వకూడదు. సున్నం కలిపితే ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున దిగుతుంది. కాని ఆ ఒక్క సున్నంతో లీటరుకు పది మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఆగిపోతుంది. తాగే నీటికి హద్దు ఒకటిన్నర మిల్లీగ్రాము. అక్కడి నుంచి కిందికి దించాలంటే పటిక కావాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. మన కష్టం నుంచి పుట్టిన విద్య మన కొత్త పరిశ్రమకు పనికొస్తుంది, తప్పక వాడాలి.

చివరగా, ఈ పనిలో చేరబోయే పిల్లలకు ఒక మాట. హెచ్‌ఎఫ్‌ను రసాయన శాస్త్ర పుస్తకం బలహీన ఆమ్లం అంటుంది. ఆ మాట నమ్మి దగ్గరికి పోకండి. పలచనిది మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు, గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. అప్పటికే అది చర్మం దాటి లోపలి కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. పడిన క్షణంలోనే తడిసిన బట్టలు తీసేసి నీళ్లతో కడగాలి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, హెచ్‌ఎఫ్ పడిందని డాక్టరుకు పేరు పెట్టి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు జీతం వివరాల కంటే ముందు ఆ జెల్ ఏ అలమరాలో ఉందో, దాని గడువు తేదీ ఎప్పుడో అడగండి. చూపించేదాకా హెచ్‌ఎఫ్ తొట్టి దగ్గరికి వెళ్లకండి.